వానల తరువాతి పెరడు: సీమ ఇళ్ళలో శీతకాలపు పూలు

(అనంతపురంలో పెరటి తోటల మీద ఆసక్తి గలవారి సభలో, భాద్రపద మాసంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

పూలతోటల పెంపకం మీద మనకు దొరికే రాతలలో చాలా భాగం చలి దేశాల లెక్కనో, లేదంటే బెంగళూరు లెక్కనో రాసినవి. వసంతంలో విత్తు, వేసవిలో పూత, ఆకు రాలే కాలంలో ముగింపు అనే ఆ వరుస అనంతపురం, కర్నూలు, కడప ఇళ్ళ పెరళ్ళకు పొసగదు. ఇక్కడ ఉగాది దాటేసరికి మల్లె, గన్నేరు, కాగితం పూలు తప్ప తక్కినవన్నీ ఎండకు తల వంచేస్తాయి. రోహిణి కార్తె నాటికి మొక్క బతికి ఉంటే అదే పదివేలు అనుకునే పరిస్థితి వస్తుంది. మన పెరడుకు అసలైన కాలం పుబ్బ, ఉత్తర కార్తెలలో మొదలై, దసరా, దీపావళి, కార్తిక సోమవారాలు, ధనుర్మాసం దాటి శివరాత్రి దగ్గర ఆగుతుంది. ఏడాది చివరి భాగంలో వచ్చే ఈ పూతను గురించి, అందులోనూ ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి నిలిచే మొక్కలను గురించి ఈ పూట మాట్లాడతాను.

నేను చెప్పదలచినది ఒకటే. శీతకాలపు పూలు శీతకాలంలో తయారు కావు. కార్తికంలో మన గుమ్మం ముందు విరగబూసే చామంతి గుబురు వెనుక, ఎండాకాలమంతా నీడన పెట్టి కాపాడుకున్న వేరు ఉంటుంది, ఆషాఢంలో విడదీసి నాటిన పిలక ఉంటుంది, శ్రావణంలో మనసు రాయి చేసుకుని గిల్లేసిన తల ఉంటుంది. డిసెంబరు వచ్చాక నర్సరీకి వెళ్ళి నిండా పూసిన కుండీలను కొని తెచ్చుకునేవారు చాలామంది ఉన్నారు. తెచ్చుకోవద్దని అనను, ఇంటికి కళ వస్తుంది. కాని ఫిబ్రవరి నాటికి ఎండిపోయే ఆ కుండీలను నేను అంగట్లో పూలు కొన్న ఖర్చు కిందనే లెక్క వేస్తాను. తోట అనిపించుకోవాలంటే పోయిన ఏటి మొక్క ఈ ఏడు మళ్ళీ పూయాలి.

ముందుగా మన వానల సంగతి. అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. లెక్క ప్రకారం అందులో 60 శాతం దాకా నైరుతి రుతుపవనాలదే. అయితే ఆ నైరుతి మేఘం పశ్చిమ కనుమల అవతలే బరువు దించుకుని వస్తుంది గనుక, జూన్, జూలై నెలలలో మనకు దక్కేది ఎక్కువగా గాలి, తక్కువగా వాన. ఆషాఢపు గాలి ఎలాంటిదో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. వాన నిలిచి కురిసేది సెప్టెంబరులో. ఆపైన అక్టోబరు, నవంబరు నెలలలో ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతపు వాయుగుండాలు వస్తాయి. వాటి వాటా మనకంటే కడప వైపు ఎక్కువ. కాబట్టి లేత మొక్కను నాటే సమయంలో మన శత్రువు ఎండ మాత్రమే అనుకోకూడదు. పడమటి వైపు నుంచి ఈడ్చి కొట్టే గాలికి కొత్తగా నాటిన పిలక ఆకులు ఒక్క రోజులో వాడి, అంచులు మాడిపోతాయి. పెరడుకు పడమర పక్కన నందివర్ధనమో, మందారమో, పచ్చ గన్నేరో ఒక వరుస కంచెలాగా ఉంటే, దాని చాటున నాటినవి నిలుస్తాయి. గన్నేరు పెట్టుకునేవారు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి: ఆకు మొదలుకొని విత్తనం దాకా అది విషమే. పసిపిల్లలు ఆడుకునే చోట, మేకలు మూతి పెట్టే చోట దానిని నాటకూడదు.

ఇక నేల. అనంతపురం, కదిరి, ధర్మవరం చుట్టుపక్కల ఎక్కువగా ఎర్ర గరప నేలలు. తాడిపత్రి దాటి కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు వైపు వెళ్ళేకొద్దీ నల్లరేగడి. ఈ రెంటికీ ఒకే మందు పనికిరాదు. ఎర్ర నేలలో నీళ్ళు నిలవవు, సత్తువా నిలవదు. వాన వెలిసి ఎండ కాయగానే పైన పెచ్చు కట్టి, మొలక లేచేందుకు సందు ఇవ్వదు. అటువంటి చోట బాగా మాగిన పశువుల ఎరువు, దొరికితే చెరువు పూడిక మట్టి, రెండూ కలిపి జానెడు లోతుకు తిరగవేయాలి. రేగడిలో దీనికి తిరగబడిన సమస్య. నీళ్ళు దిగవు, ఒక్క ముసురు పట్టిందంటే చామంతి వేరు కుళ్ళుతుంది. అక్కడ పాదులు తవ్వడం మానేసి, జానెడు ఎత్తున మడి కట్టి, ఇసుక, ఎరువు కలిపి ఆ మడి మీద నాటాలి. మన ఊళ్ళలో తరతరాలుగా మొక్క అనగానే చుట్టూ గుంత తీసి పాది చేయడం అలవాటు. ఎర్ర నేలకు అది సరైన పనే, కాని నల్ల నేలలో ఆ గుంతే మొక్కకు గొయ్యి అవుతుంది.

వేరుశనగ పొట్టు మన జిల్లాలో చవక గనుక దానిని మొక్కల మొదళ్ళలో పరవడం చాలామంది చేస్తున్నారు. పదును ఆరిపోకుండా అది బాగా కాపాడుతుంది. అయితే పచ్చి పొట్టును మట్టిలో కలిపేస్తే, అది కుళ్ళేందుకు నేలలోని నత్రజనినే వాడుకుంటుంది; మొక్క కొన్ని వారాల పాటు పాలిపోతుంది. పైన మాత్రమే పరవాలి, కాండానికి నాలుగు వేళ్ళ దూరం వదలాలి. ఎర్ర నేలలో చెదలు ఎక్కువ కాబట్టి పొట్టుతో పాటు గుప్పెడు వేపపిండి చల్లడం మంచిది.

నీళ్ళ మాట చెప్పకుండా సీమలో తోట మాట చెప్పలేము. మన బోరు నీళ్ళలో ఉప్పు, సున్నం పాళ్ళు ఎక్కువ. ఏడాది పొడవునా అవే నీళ్ళు పోసిన కుండీ అంచున తెల్లటి పెచ్చు కట్టడం మీరందరూ చూసే ఉంటారు. వానాకాలంలో మిద్దె మీద పడిన నీటిని ఒక తొట్టిలోకి మళ్ళించి, కనీసం కనకాంబరానికీ గులాబీకీ ఆ నీళ్ళు పోయగలిగితే తేడా ఒక్క నెలలోనే తెలుస్తుంది. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు నిరభ్యంతరంగా పోయవచ్చు. ఇంట్లో నీళ్ళు శుద్ధి చేసే యంత్రం నుంచి గొట్టం ద్వారా బయటికి వచ్చే నీళ్ళను వృథా చేయకూడదనే సదుద్దేశంతో మొక్కలకు పోసేవారు మాత్రం జాగ్రత్తపడాలి. బోరు నీటిలోని ఉప్పంతా చిక్కబడి చేరేది ఆ నీటిలోనే. ఇల్లు తుడుచుకోవడానికి, బండి కడుక్కోవడానికి వాటిని వాడుకోండి; పూలమొక్కలకు వద్దు.

ఇప్పుడు చామంతి దగ్గరికి వస్తాను. శీతకాలపు పెరట్లో పెద్దపీట దానిదే. చైనాలో పుట్టి ప్రపంచమంతా తిరిగిన ఈ మొక్కను మనం దేవుడి పటానికి, గడపకు, జడకు సమానంగా వాడుకుంటున్నాము. కడప వైపు రైతులు ఎకరాల లెక్కన పండిస్తారు. ఇంటికి పదిహేను ఇరవై మొక్కలు ఉంటే చాలు.

చామంతి పూసే కాలాన్ని నిర్ణయించేది ప్రధానంగా రాత్రి పొడవు. 1920లో గార్నర్, అలార్డ్ అనే అమెరికా శాస్త్రవేత్తలు పొగాకు, సోయా మొక్కల మీద చేసిన ప్రయోగాలతో, పగటి, రాత్రి నిడివిని బట్టి మొక్కలు పూతకు వస్తాయని లోకానికి తెలిసింది. ఆ లెక్కన చామంతి చిన్న పగళ్ళ మొక్క. మన అక్షాంశం మీద జూన్ చివర పగలు దాదాపు 13 గంటలు, డిసెంబరు చివర సుమారు పదకొండుంబావు. రెండు గంటలైనా తేడా లేదు, మనుషులమైన మనకు పట్టదు కూడా. కాని భాద్రపదం వచ్చేసరికి రాత్రులు తగినంత పెరగడం, దానికి తోడు రాత్రిపూట చల్లదనం రావడం చామంతికి చాలు. అప్పటిదాకా ఆకులు పెట్టిన కొనలు మొగ్గ కట్టడానికి తిరుగుతాయి.

ఇందులోంచి ఒక ఆచరణ విషయం పుడుతుంది. మా వీధిలో ఒక ఇంటి ప్రహరీ వెంట చామంతి వరుస ఉంది. ఒకే తల్లి మొక్క పిలకలు, ఒకే రోజున నాటినవి. కార్తికం నాటికి వరుసలో తూర్పు సగం పసుపు ముద్దలా పూసింది. పడమటి సగం నిగనిగలాడే ఆకులతో ఏపుగా ఎదిగి, మొగ్గ అన్నది లేకుండా నిలబడింది. ఆ ఇంటివారు మందులు కొట్టారు, ఎరువులు మార్చారు. కారణం ప్రహరీ మూలన తెల్లవార్లూ వెలిగే వీధి దీపం. రాత్రి నడుమ వెలుతురు పడితే చామంతి ఆ రాత్రిని రాత్రిగా లెక్కించదు. పాలీహౌస్‌లలో పండించేవారు పూతను వెనక్కి జరపడానికి కావాలనే అర్ధరాత్రి దీపాలు వెలిగిస్తారు. మనకు ఆ అవసరం లేదు గనుక, వరండా దీపం, వీధి దీపం నేరుగా పడని చోటును చామంతికి ఎంచుకోవాలి. పగలు ఆరేడు గంటల ఎండ, రాత్రి నిండు చీకటి ఉండాలి.

పని వరుస ఇది. మాఘంలో పూత అయిపోగానే కొమ్మలను నేలకు జానెడు ఎత్తున కోసేయాలి. కోసిన రెండు మూడు వారాలకు మొదట్లోంచి, ఒక్కొక్కసారి మొక్కకు బెత్తెడు దూరంలో నేలలోంచి, లేత పిలకలు లేస్తాయి. ఒకదానిని వేలితో మట్టి తొలగించి చూడండి. కింద తెల్లటి అడ్డకాండం, దాని కణుపు దగ్గర దారాల్లాంటి వేళ్ళు, పైన మూడు నాలుగు మడతపడిన ఆకులు ఉంటాయి. వచ్చే ఏటి తోట అదే. ఏప్రిల్, మే నెలలలో వీటిని ఎండలో వదిలితే దక్కవు. పెకలించి కుండీలలోకి మార్చి, వేప చెట్టు కిందనో, తూర్పు ఎండ మాత్రమే తగిలే గోడ పక్కననో పెట్టి, పూట విడిచి పూట కొద్దిగా నీళ్ళు చల్లుతూ ప్రాణం నిలపాలి. ఈ కాలంలో ఎరువు వేయకూడదు. మృగశిర దాటి వాతావరణం చల్లబడ్డాక పిలకలను విడదీసి, మొక్కకు మొక్కకు అడుగు దూరంలో నాటుకోవాలి. లేదంటే కొనలను నాలుగు వేళ్ళ పొడవున తుంచి తడి ఇసుకలో గుచ్చితే రెండు మూడు వారాలలో వేరు పోస్తాయి. పాత మట్టి తెగుళ్ళు అంటకుండా ఉండాలంటే ఈ పద్ధతే మేలని నా అభిప్రాయం.

నాటిన నెలకు తల గిల్లాలి. ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ మాట రుచించదు. చక్కగా ఎదుగుతున్న మొక్క తల తుంచడమేమిటని అడ్డుపడతారు. గిల్లని చామంతి ఒంటి కాడతో మోకాలెత్తు లేచి, కొసన పది పూలు పూసి, మొదటి గాలివానకు పక్కకు ఒరుగుతుంది. గిల్లినది నాలుగైదు కొమ్మలు వేస్తుంది. ఆ కొమ్మలను మూడు వారాల తరువాత మరొకసారి గిల్లితే గుబురు కడుతుంది. అయితే వినాయక చవితి దాటాక చేయి పెట్టవద్దు. అప్పటికి కొనలలో మొగ్గ తయారయ్యే వేళ దగ్గర పడుతుంది. ఆ తరువాత గిల్లే ప్రతి కొనా ఒక పూల గుత్తి నష్టం. ఈ ఏడు ఇంకా గిల్లనివారు ఉంటే ఇక వదిలేసి, వెదురు పుల్ల ఊతం కట్టండి.

పేనుబంక చామంతికి తప్పని బాధ. మబ్బు పట్టిన రోజులలో మొగ్గల కింద నల్లగా గుంపు కడుతుంది. తొలిచూపులోనే నీళ్ళ ధారతో కడిగేస్తే సగం పోతుంది. మిగిలినదానికి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టాలి. అక్షింతల పురుగు కనిపిస్తే దానిని చంపకండి, పేనుబంకను తినేది అదే.

బంతి ఏడాది మొక్క గనుక నా అంశానికి కొంచెం పక్కన ఉంటుంది, కాని బంతి లేని సీమ పెరడు ఉండదు కాబట్టి నాలుగు మాటలు. విత్తు నుంచి పూతకు సుమారు రెండు నెలలు. పండుగను బట్టి వెనక్కి లెక్క వేసుకోవాలి: దసరాకు కావాలంటే జూలై చివర నారు పోయాలి, సంక్రాంతి గొబ్బెమ్మలకు కావాలంటే, చలికి ఎదుగుదల మందగిస్తుంది గనుక అక్టోబరు నెలలోనే పోయాలి. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థ విడుదల చేసిన పూసా నారంగి గైందా, పూసా బసంతి గైందా రకాల విత్తనం ఎండబెట్టి దాచుకుంటే మరుసటి ఏడు పనికివస్తుంది. హైబ్రిడ్ ముద్దబంతి విత్తనం దాచుకున్నవారికి మరుసటి ఏడు ఒక మొక్క ముద్దగా, మరొకటి రేకగా రావడం మామూలే. బంతిని నేను వదలకుండా నాటమని చెప్పడానికి పూలకంటే పెద్ద కారణం మరొకటి ఉంది, అది వేరులో ఉంది. బంతి వేరులోని పదార్థాలు నేలలోని నులిపురుగులను, అంటే మొక్కల వేళ్ళకు పట్టే కంటికి ఆనని సన్నటి పురుగులను, అణచివేస్తాయి. ఆ నులిపురుగుల వల్ల అన్నిటికంటే ఎక్కువగా నష్టపోయేది కనకాంబరం. అందుచేత ఈ ఏడు బంతి పెట్టిన మడిలో వచ్చే ఏడు కనకాంబరం పెట్టండి.

కనకాంబరం దక్షిణ భారతదేశం, శ్రీలంకలకు చెందిన మన సొంత మొక్క. వాసన లేకపోయినా, కోసిన పువ్వు రెండు రోజులు వాడిపోకుండా ఉండే గుణం వల్ల, పూలు దూది కంటే తేలిక కావడం వల్ల, మాలకట్టేవారికి అది ప్రాణం. సరిగా చూసుకుంటే ఒక్కొక్క మొక్క మూడు నాలుగేళ్ళు పూస్తుంది. వానల తరువాత అక్టోబరు, నవంబరులలో ఒక ఊపు, మళ్ళీ ఫిబ్రవరి నుంచి ఒక ఊపు. నడుమ గట్టి చలిలో పూత కొంత తగ్గుతుంది, దానికి కంగారు పడనక్కరలేదు.

దీని కంకిని దగ్గరగా చూస్తే ఎంతో నేర్చుకోవచ్చు. పచ్చటి పొలుసులు నాలుగు వరుసలుగా పేర్చినట్టు ఉండే కంకిలో, పూలు కింది నుంచి పైకి జతలు జతలుగా విచ్చుకుంటూ పోతాయి. పైదాకా పూయడం పూర్తయిన కంకిని కాడతో సహా తుంచేస్తే ఆకు కణుపులలోంచి కొత్త కంకులు వస్తాయి. అలాగే వదిలేస్తే మొక్క బలమంతా కాయలకు పోతుంది. విత్తనం కావలసినవారు ఒకటి రెండు కంకులు వదిలి, అవి గోధుమ రంగుకు తిరిగాక కోసి, ఒక గిన్నెలో పెట్టి నాలుగు నీటి చుక్కలు చిలకరించి, పైన గుడ్డ కప్పండి. తడి తగిలిన కాయ కొద్ది సేపటిలోనే టప్పుమని పగిలి, విత్తనాలను గుడ్డకు తగిలేటట్టు ఎగజిమ్ముతుంది. వాన పడినప్పుడే విత్తనం నేలకు చేరాలని ఆ మొక్క చేసుకున్న ఏర్పాటు అది. ఇంటి పిల్లలకు చూపించదగిన వింత. ఆ విత్తనం తాజాగా ఉన్నప్పుడే చల్లాలి, నిలవ ఉంటే మొలక శాతం పడిపోతుంది. ఢిల్లీ కనకాంబరం అనే నారింజ రంగు రకం మాత్రం విత్తనం కట్టదు. దానిని కొమ్మ ముక్కలతోనే పెంచుకోవాలి.

మన నీళ్ళతో కనకాంబరానికి వచ్చే పెద్ద చిక్కు ఆకు పచ్చబారడం. చిగురాకులలో ఈనెలు ఆకుపచ్చగానే ఉండి, ఈనెల నడుమ భాగం పసుపుకు, ఆపైన తెలుపుకు తిరిగితే అది ఇనుము లోపం. ఎరువు తక్కువైందని యూరియా వేసేవారు ఉన్నారు. యూరియా ఇచ్చే నత్రజని లోపం ముందు ముదురాకులలో కనిపిస్తుంది, ఇనుము లోపం ముందు చిగురులో కనిపిస్తుంది. ఈ ఒక్క గుర్తుతో రెండింటినీ విడదీయవచ్చు. మన నేలలో ఇనుము లేదని కాదు. ఎర్రగా ఉన్నదే ఇనుము వల్ల. కాని సున్నం పాళ్ళు ఎక్కువైన నీళ్ళు పోసి పోసి నేల క్షార గుణానికి తిరిగితే, ఉన్న ఇనుమును వేరు తీసుకోలేదు. లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు అనే ఇనుప లవణం) కరిగించి, అర నిమ్మకాయ రసం పిండి, వెంటనే సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయాలి. వారం పది రోజుల ఎడంతో రెండు మూడు సార్లు చేస్తే చిగురు మళ్ళీ పచ్చగా వస్తుంది. కలిపిన నీళ్ళు తుప్పు రంగుకు తిరిగితే పారబోసి మళ్ళీ కలుపుకోవాలి. మొక్క పచ్చబారడంతో పాటు ఎదుగుదల కూడా నిలిచిపోతే ఒకదానిని పెకలించి వేరు చూడండి. బుడిపెలు ఉంటే అది నులిపురుగు పని, దానికి అన్నభేది పనిచేయదు. ఆ మడిని బంతికి అప్పగించడమే దారి.

డిసెంబరాలు అంటే ఈ సభలోని ఆడవారికి వేరే పరిచయం అక్కరలేదు. ముదురు ఊదా, తెలుపు, ఊదా మీద తెల్ల చారల రకాలు మన పెరళ్ళలో ఉన్నాయి. కనకాంబరం, డిసెంబరం, మరువం కలిపి కట్టిన మాలకు సాటి వచ్చేది నా దృష్టిలో లేదు. నవంబరులో మొదలై సంక్రాంతి దాకా పూస్తాయి. ఈ మొక్కకు ఉన్న సుగుణం మొండితనం. ఎండాకాలంలో వారానికి ఒకటి రెండు సార్లు నీళ్ళు పోసినా, ఆకు రాల్చుకుని కూర్చుంటుంది గాని చావదు. పూత అయ్యాక, మాఘంలో, మోకాలి కిందకు నరికేయాలి. నరకని మొక్క ఏటా పొడుగెక్కి, అడుగున బోసిగా, కొసన మాత్రమే నాలుగు పూలతో మిగులుతుంది. వానాకాలంలో చిటికెన వేలు మందం కొమ్మ ముక్క గుచ్చితే చాలు, బతుకుతుంది. కొనవలసిన పనే లేని మొక్క. పొరుగింటి కంచె దగ్గర నిలబడి అడిగితే దొరుకుతుంది. దీనికి దగ్గరి చుట్టం, పసుపు పూల ముళ్ళగోరింట, పెరటి వెనుక కంచెకు బాగుంటుంది.

నేల లోపల దాచుకుని బతికే మొక్కలు మన వాతావరణానికి తగినవి, వాటికి రావలసినంత పేరు రాలేదు. చంద్రకాంతను చూడండి. సాయంత్రం నాలుగైదు గంటలకు విచ్చి, రాత్రంతా వాసన చిమ్మి, ఎండ ఎక్కేసరికి ముడుచుకుంటుంది. మేలో పైభాగం పూర్తిగా ఎండిపోయినా, ముల్లంగి దుంపను పోలిన వేరు నేలలో ఉండి, వాన పడగానే చిగురిస్తుంది. నేల సంపెంగ మెక్సికో నుంచి వచ్చిన దుంప మొక్క. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ రూపొందించిన శృంగార్, ప్రజ్వల్ అనే ఒంటి రేకు రకాలు, సువాసిని, వైభవ్ అనే ముద్ద రకాలు దొరుకుతాయి. ఇంటికి ఒంటి రేకువే మంచివి, వాసన ఎక్కువ. దుంపలను మూడేళ్ళకు ఒకసారి తవ్వి విడదీయకపోతే గుంపు ఇరుకై పూల కాడలు తగ్గిపోతాయి. వాన లిల్లీ దుంపలు బాట అంచున వరుసగా పాతితే, సెప్టెంబరులో ప్రతి మంచి వానకూ మూడు నాలుగు రోజుల తరువాత గులాబీ రంగు పూలు లేస్తాయి. బోరు నీళ్ళకు అవి అంతగా స్పందించవు.

జాజి ఆశ్వయుజం దాకా పూస్తుంది, కాగడా మల్లె చలిలోనూ పూస్తుంది కాని వాసన అంతంతమాత్రం. గుండు మల్లెకు ఇది విశ్రాంతి కాలం. నవంబరు చివర దాని నీళ్ళు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తేనే ఎండాకాలం మల్లె ఉంటుంది. చలికాలంలో కూడా మల్లె పచ్చగా కనిపించాలని నీళ్ళు పోస్తూ ఉండేవారు ఏప్రిల్‌లో పూలు లేవని బాధపడుతుంటారు. గులాబీని వానలు వెనకబట్టాక, అక్టోబరులో కత్తిరిస్తే ఆరేడు వారాలకు పూస్తుంది. ఇంతకంటే ఎక్కువ గులాబీ గురించి చెప్పను. మన నీళ్ళతో అది ఖర్చుకు తగిన ఫలితం ఇచ్చే మొక్క కాదు.

పారిజాతానికి స్థలం ఉంటే ఒకటి నాటుకోండి. శ్రావణం నుంచి కార్తికం దాటే దాకా తెల్లవారేసరికి పూలు నేల రాలి ఉంటాయి. కింద అలికిన నేలగాని, పరచిన గుడ్డగాని ఉంటే ఏరుకోవడం సుళువు. ఇక తంగేడు. రోడ్డు పక్కన, గుట్టల మీద ఒక్క చెంబెడు నీళ్ళు ఎరగకుండా పసుపు పూలతో నిండే ఆ పొదను మన ఇళ్ళలో ఎవరూ పెంచరు. తెలంగాణలో బతుకమ్మను పేర్చే ముఖ్యమైన పూలలో దాని పువ్వు ఒకటి. నీళ్ళ కరువు ఉన్న మన పెరటి మూలకు దానికి మించిన బహువార్షికం నాకు తెలియదు. అడవిలోంచి పెకలించి తెస్తే బతకదు, దాని తల్లివేరు లోతుగా పోతుంది. విత్తనాన్ని వేడి నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, ఉండవలసిన చోటే వేయాలి.

చివరిగా ఎండాకాలం. ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఏప్రిల్, మే నెలలు దాటితేనే పనికివస్తాయి. కర్నూలులో మేలో 42 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఆ రెండు నెలలు మొక్కలను పూయించాలని చూడకండి, బతికించడమే పని. కుండీలన్నిటినీ ఒక్కచోటికి చేర్చి, ఒకదానికొకటి ఆనించి, తూర్పు ఎండ మాత్రమే తగిలే గోడ పక్కన పెట్టండి. కుండీల నడుమ సందులలో తడిపిన గోనెపట్టాలు దూర్చండి. నేలలో ఉన్న కనకాంబరానికి సగం వెలుతురు వచ్చే పచ్చ వల గాని, కొబ్బరి మట్టల పందిరి గాని చాలు. నీళ్ళు తెల్లవారుజామునే పోయాలి. మధ్యాహ్నం గొట్టంలో కాగిన నీళ్ళు పోసి మొక్కలను ఉడికించినవారు ఉన్నారు. రోజూ కొంచెం కొంచెం చిలకరించడం కంటే, రెండు మూడు రోజులకు ఒకసారి లోతుకు దిగేటట్టు పోయడం నేలలో ఉన్న మొక్కలకు మంచిది. కుండీలకు మాత్రం రోజూ పోయక తప్పదు. ఊరికి వెళ్ళవలసి వస్తే, కాల్చిన మట్టి కుండను మెడ దాకా పాతి, నీళ్ళు నింపి మూత పెట్టి, దాని చుట్టూ చామంతి పిలకలు నాటితే, ఊరిన తడితో నాలుగైదు రోజులు తట్టుకుంటాయి. రంగు వేసిన కుండ, మెరుగు పెట్టిన కుండ ఊరదు, మామూలు నీళ్ళ కుండే కావాలి.

ఈ వారం చేయవలసినవి చామంతికి ఊతం కట్టడం, కనకాంబరం ముదురు కంకులు తుంచడం, వాన పదునులో డిసెంబరం కొమ్మలు గుచ్చడం. ముక్కలు తీసుకునేటప్పుడు మూడు కణుపులు ఉండేటట్టు కోసి, కింది రెండు కణుపుల ఆకు తీసేసి, ఆ రెండు కణుపులూ మట్టిలోకి పోయేటట్టు పాతండి. డిసెంబరం మొక్క లేనివారు సభ అయ్యాక బయట బల్ల మీద పెట్టిన తడి గుడ్డలోంచి తలా రెండు కొమ్మలు తీసుకోవచ్చు. ఊదా కొమ్మలకు దారం కట్టి ఉంది, కట్టనివి తెల్లవి. ఇక మీ ప్రశ్నలు అడగండి.